పిల్లికూతల సాక్ష్యం

మదనపల్లె,
17-6-2024

ప్రియమైన తమ్ముడు పేతురుకు,

చెవిటి అక్క సువర్ణ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఇరవై ఏళ్లుగా పెండ్లిపత్రికలూ బ్యాంకు కాగితాలూ తప్ప ఏమీ తేని పోస్టుమ్యాన్ తిమ్మప్ప, కవరు చేతికిస్తూ "ఏమ్మా, కోర్టు నోటీసా?" అని అడిగాడు. "దానికంటే పెద్దదిలేప్పా. నాకు చెవుడొచ్చిందని మా తమ్ముడు కుప్పం నుంచి రాసి పంపించినాడు" అన్నాను.

నీ కారణం బాగుంది. ఫోన్లో నాతో మాట్లాడాలంటే అరవాల్సి వస్తోందట. అరిస్తే గొంతు పోతోందట. డ్రిల్లు మాస్టారికి గొంతే ఆధారం గనక ఇకమీదట ఉత్తరాలే రాస్తావట. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఆరేళ్లు నర్సుగా చేసినదాన్ని. వార్డు ఆ చివర సెలైన్ చుక్క ఆగిపోతే ఈ చివర నాకు మెలకువ వచ్చేది. నేను రిటైరైన ఎనిమిదేళ్లలో నా చెవులు కూడా రిటైరయ్యాయని నువ్వు కనిపెట్టావు. చాలా సంతోషం.

ఇక జబ్బు సంగతి. చేతులు వణుకుతున్నాయనీ, డ్రిల్లు పీరియడ్ వచ్చేసరికి గుండెల్లో డప్పు మోగుతోందనీ రాశావు. యాభై ఏడేళ్లొచ్చి ఇంకా ఆరో తరగతి పిల్లలకు భయపడుతున్నావా? మీ హెడ్మాస్టరు మురళీధర్‌కు భయపడ్డావంటే అర్థం ఉంది.

నా బిస్కెట్ డబ్బా సంగతి నీకు తెలుసు. మా వీధిలో ఎవరికి జబ్బు నయమైనా, ఎవరు ప్రభువు దగ్గరికి పోయినా, మిగిలిన మాత్రలు ఆ డబ్బాలోకే వస్తాయి. ఎదురింటి మునిరత్నమ్మ గుండెదడకు వాడి మానేసిన మాత్రలు నిండుగా ఉన్నాయి. అట్టల్లోంచి విడదీసి, సండే స్కూలు పాఠాల కాగితంలో పొట్లం కట్టాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మందు పేరు రాయలేదు. పేరు రాస్తే జనం షాపుకెళ్లి సొంతంగా కొనుక్కుని వారం తిరిగేలోపల డాక్టర్లయిపోతారు. ఇది నా పద్ధతి. నీకోసం మార్చను.

పొట్లం పుంగనూరు బస్సులో విన్సెంటుకు పంపాను. మన నడిపోడు తన పాలకేంద్రం వదిలి కుప్పం బస్సు దాకా నడిచే ఓపిక తెచ్చుకున్న రోజు నీకు అందుతుంది.

ఒక్క మాట. వేరే మందులేమైనా వాడుతున్నావా? వాడుతుంటే దాచకుండా రాయి. అక్కగా కాదు, నర్సుగా అడుగుతున్నాను.

చెవులు తప్ప అన్నీ సరిగ్గా ఉన్న
సువర్ణక్క


కుప్పం,
1-7-2024

అక్కకు, సావధాన్‌లో నిలబడి పేతురు రాయునది.

మాత్రలు అందాయి. విన్సెంటన్న వాటితో పాటు నేతి సీసా కూడా పెట్టాడు. మూత వదులైపోయి దారంతా కారినట్టుంది. నీ దడ మాత్రలు ఇప్పుడు పొంగలి వాసన వస్తున్నాయి. అందుకే కాబోలు, అద్భుతంగా పనిచేస్తున్నాయి. మూడో రోజుకే డప్పు ఆగిపోయింది. చేతులు వణకడం లేదు. హాజరు పట్టీలో నా సంతకం నాదేనని మురళీధర్ సారు ఎట్టకేలకు ఒప్పుకున్నాడు.

వేరే మందులా? నాకెందుకక్కా మందులు? నా ఆరోగ్యం గురించి నాకంటే మీ చర్చిలో వాళ్లకే బాగా తెలుసు. ప్రతి ఏడూ కోతపండుగనాడు లేచి నిలబడి సాక్ష్యం చెబుతావు కదా. "పన్నెండేళ్ల నా తమ్ముడు పిల్లికూతలతో ఊపిరాడక నీలం తిరిగిపోతుంటే ప్రభువు ముట్టి స్వస్థపరచినాడు. ఈ దినం వాడు ఐదు వందల మంది పిల్లోళ్లను పరిగెత్తిస్తా ఉండాడు" అని. నలభై అయిదేళ్లుగా అదే సాక్ష్యం, ఆ చివరి వాక్యం తప్ప ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. ఆ సాక్ష్యానికి నేనే రుజువు. రుజువుకు జబ్బు చేస్తే ఎట్లా?

మెట్లెక్కితే కాస్త ఆయాసం, అంతే. అది వయసు. దానికి నీ డబ్బాలో మాత్ర ఉండదులే.

నీ పేతురు


మదనపల్లె,
15-7-2024

తమ్ముడు పేతురుకు,

దీంతో పాటు ఒక జిరాక్సు కాగితం పెట్టాను. ముందు అది చూడు. తర్వాత ఉత్తరం చదువు.

చూశావా? అది నా చెవుల సర్టిఫికెట్. నీ మాట పట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి పోయాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించి, చిన్న చిన్న కూతలు పెట్టారు. వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. అన్నీ నొక్కాను. బయట నర్సమ్మాయి ఇంకొకామెతో నా చీర రంగు గురించి అన్న మాట కూడా విని, దానికీ నొక్కాను. డాక్టరు కాగితం చూసి, "మీకు ఈ పరీక్ష యాల రాసినారమ్మా? నా చెవులకన్నా మీయే బాగుండాయి" అన్నాడు.

మరి ఫోన్లో అరవాల్సి వస్తోందన్నావే, ఎందుకో కాస్త రాయి. ఫోను చెడిందా, అక్క చేదయిందా?

మాత్రలు పనిచేశాయంటే ఆశ్చర్యమేముంది, ఇచ్చింది ఎవరు? ఇంకో రెండు నెలలకు సరిపడా పంపుతున్నాను. నాడి ఎంత కొట్టుకుంటోందో చూసి రాయి. నిమిషానికి ఎన్నిసార్లో చూడాలి, ఉజ్జాయింపుగా కాదు. నేతి సీసా విషయం విన్సెంటుతో నేను మాట్లాడతాను.

సర్టిఫికెట్ గల
సువర్ణక్క


కుప్పం,
20-8-2024

అక్కకు,

పంద్రాగస్టు చాలా బాగా జరిగింది, నేను తప్ప.

జెండా దగ్గర పిల్లలు బారుగా నిలబడ్డారు. మార్చ్ మొదలుపెట్టడానికి విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాను. గాలి పోయింది గానీ కూత రాలేదు. మళ్లీ ఊదాను. మొదటి వరసలో రేష్మ అనే అమ్మాయి, "సార్, లోపల గోళీ ఇరుక్కుందేమో సార్" అంది. ఇరుక్కున్నది విజిల్లో కాదు, ఎదలో. వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మళ్లీ నిలబడేసరికి కళ్లు బైర్లు కమ్మి జెండా కట్టె పట్టుకున్నాను. చూసేవాళ్లు దేశభక్తి అనుకున్నారు.

మురళీధర్ సారు మంచి మాటే చెప్పాడు. "మాస్టారూ, బాగలేకుంటే లైబ్రరీ సూసుకోండి. ఆడ విజిల్ పనుండదు. జనవరి ఇరవై ఆరుకు గ్రౌండు మన లెక్కల బాలాజీకి ఇచ్చేస్తాం" అన్నాడు. లెక్కల బాలాజీ! వాడు పరిగెత్తిన ఒకే ఒక్క పరుగు క్యాంటీనుకు. అక్కా, మా ప్రైవేటు బడి లెక్కలో నాకు ఇంకో ఏడాది చిల్లర సర్వీసు ఉంది. ముప్పై ఏళ్లు ఎండలో నిలబడ్డవాణ్ణి, చివరి ఏడాది బీరువాల మధ్య కూర్చుని పదవీ విరమణ చెయ్యలేను. నాకు గ్రౌండు కావాలి.

అందుకే డాక్టర్ ఉషారాణి దగ్గరికి పోయాను. చిన్న వయసు, ఓపికగా చూసింది. నేను డ్రిల్లు మాస్టారినని తెలిసి నా భాషలోనే చెప్పింది. "మాస్టారూ, మనం సెప్పకుండానే పని సేసే నరాలు ఉండాయి ఒంట్లో. అటానమిక్ నరాలంటారు. వాటిలో రెండు జట్లు. ఒక జట్టు సావధాన్. గుండెను ఉరికిస్తాది, ఊపిరి గొట్టాలను తెరుస్తాది. ఇంకోటి విశ్రామ్. గుండెను నెమ్మది సేస్తాది, గొట్టాలను బిగిస్తాది. మీకు ఆ రెండు జట్లూ వరస తప్పినట్టుండాయి. ఆయాసానికీ, లేస్తే కళ్లు తిరగడానికీ మూలం ఒకటే కావచ్చు" అంది. కావచ్చు అని మాత్రమే అంది, అవునని అనలేదు.

ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగింది. నీ మాత్రల సంగతి చెప్పలేదు. అవి మందుల్లోకి రావు కదా, ఇంటివి.

నాడి యాభై రెండు.

పేతురు


మదనపల్లె,
29-8-2024

తమ్ముడు పేతురుకు,

సావధాన్ నరాలు, విశ్రామ్ నరాలు! బాగున్నాయి. పంద్రాగస్టుకు సెల్యూట్ కూడా కొట్టాయా? పిల్లలకు పంచగా మిగిలిన చాక్లెట్లు వాటికేమైనా పెట్టారా?

నేను నర్సింగు చదివేటప్పుడు ఊపిరితిత్తులు ఒక పాఠం, నరాలు ఒక పాఠం. రెంటి మధ్యా దసరా సెలవులు ఉండేవి. ఈ కాలం పిల్ల డాక్టర్లు రెంటినీ ముడేసి, మధ్యలో "కావచ్చు" అని ఒక వంతెన కట్టి, ఆ వంతెన మీద మనల్ని అటూ ఇటూ తిప్పుతున్నారు. ఆయాసం ఎందుకొస్తుందో నేను చెబుతాను, ఫీజు లేకుండా. నీ పొట్ట, విన్సెంటు నెయ్యి.

నాడి యాభై రెండంటే కంగారు పడకు. పరిగెత్తి పెరిగిన ఒంటికి నాడి నెమ్మదిగానే ఉంటుంది. నా మాత్రల సంగతి ఆమెకు చెప్పకపోవడమే మంచిదయింది. పేరు లేని పొట్లం చూస్తే వీళ్లు జబ్బు వదిలేసి పొట్లం మీద పడతారు. మాత్రలు మానవద్దు. దడ మళ్లీ మొదలైతే లైబ్రరీలో కూడా ఉద్యోగం ఉండదు.

ఇప్పుడు వెటకారం పక్కన పెట్టి ఒకటి అడుగుతాను. పిల్లికూతలు ఏమైనా వస్తున్నాయా? పడుకున్నప్పుడు గానీ, దుమ్ములో గానీ? చిన్నప్పుడు వచ్చినట్టు? నిజం చెప్పు. రాయడానికి బద్ధకమైతే ఒకసారి ఫోన్ చేసి, ఫోను ఎద మీద పెట్టుకో. నేను వింటాను. చెవులు బాగున్నాయని కాగితం ఉంది.

సువర్ణక్క


కుప్పం,
12-9-2024

అక్కకు,

పిల్లికూతలు కాదు కదా, ఇంట్లో పిల్లి కూడా లేదు. మా అమ్మాయి స్నేహ ఒకదాన్ని పెంచుకుంటానంటే నేనే వద్దన్నాను.

ఫోను ఎద మీద పెట్టుకోవడం డ్రిల్లు మాస్టారి మర్యాదకు తగదు. వదిలెయ్.

పోయిన ఆదివారం ఒక చిన్న విశేషం జరిగింది. అయ్యగారు లోకంలో ఉన్న దేశాలన్నిటి కోసం ఒక్కొక్కటిగా ప్రార్థన చేయించారు. ఆఫ్రికా అయ్యేసరికి మోకాళ్లు మొద్దుబారాయి. ఆమెన్ అని లేచాను, లేచినవాణ్ణి లేచినట్టే పడ్డాను. చుట్టుపక్కలవాళ్లు ఆత్మ దిగిందనుకుని స్తోత్రాలు మొదలుపెట్టారు. మారెమ్మ అనే ఆవిడ, ఈ మధ్యనే బాప్తిస్మం తీసుకుంది, నా తల మీద చెయ్యి పెట్టి తన కొడుకు ఉద్యోగం ఎప్పుడొస్తుందో చెప్పమంది. స్నేహ ఒక్కతే, "నాయనా, నీ పెదాలు నల్లగా ఉండాయి, ఆస్పత్రికి పోదాం పా" అని ఆటో పిలిచింది. కూతురు నీ పోలికే, భక్తి కంటే ముందు పెదాలు చూస్తుంది.

ఉషారాణి డాక్టరమ్మ ఇక తన వల్ల కాదని వేలూరుకు రాసిచ్చింది. అక్కడ ఒక బల్లకు మనిషిని పట్టీలతో కట్టి, బల్లను నిలబెట్టి, నరాలు ఏం చేస్తాయో చూస్తారట. వచ్చే నెలలో పోతాను. విన్సెంటన్న తోడొస్తానన్నాడు.

జనవరికి ఇంకా నాలుగు నెలలుంది. విజిల్ రోజూ తుడిచి పెట్టుకుంటున్నాను.

పేతురు


మదనపల్లె,
3-10-2024

తమ్ముడు పేతురుకు,

మనిషిని బల్లకు కట్టి నిలబెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి వేలూరు దాకా పోవాలా? మదనపల్లె టమోటా మార్కెట్లో నిలువు కాళ్ల మీద తెల్లవారేవాళ్లు వందల మంది ఉన్నారు, వాళ్లను చూసుకోవచ్చు కదా. సరే, పోయిరా. వచ్చాక నీకు నరాలున్నాయని రుజువైతే నాకూ రాయి.

పొట్లం పంపుతున్నాను, ఇది ఆఖరుది, మునిరత్నమ్మ సరుకు అయిపోయింది. ఈసారి నెయ్యి వద్దని విన్సెంటుకు గట్టిగా చెప్పాను. వాడు, "పేతురుకేందిలేక్కా, ఎద్దు మాదిరి ఉండాడు" అన్నాడు. పాలు పోసేవాడికి ఎవరైనా ఎద్దులా, ఆవులా కనబడతారు.

కోతపండుగ నవంబరు ఇరవై నాలుగున. సాక్ష్యాల పట్టీలో నా పేరే మొదట రాశారు.

సువర్ణక్క


కుప్పం,
14-11-2024

అక్కకు,

ఈ ఉత్తరం కోతపండుగకు ముందే అందాలని స్పీడు పోస్టులో వేస్తున్నాను. ఈ ఏడు సాక్ష్యంలో నా పేరు తీసెయ్.

నాకు ఆస్తమా ఉంది. మూడేళ్లుగా ఉంది. చిన్నప్పటి పిల్లికూతలే, దారి మరచిపోకుండా తిరిగొచ్చాయి. నీకు చెబితే ఆ సాక్ష్యం ఏమవుతుందని చెప్పలేదు. విజిల్ సంచీలో నీలం ఇన్‌హేలరు దాచుకుని, స్టోరు రూములో పాత హాకీ కర్రల వెనక నిలబడి పీల్చేవాణ్ణి. మొదట రోజుకు రెండుసార్లు, తర్వాత ఎన్నిసార్లో నేనే మరచిపోయాను. నీకు మొదటి ఉత్తరంలో రాసిన డప్పూ, వణుకూ ఆ ఇన్‌హేలరు ఎక్కువై వచ్చినవేనట.

వేలూరులో పెద్ద డాక్టరు బల్ల సంగతి తర్వాత, ముందు వెంట తెచ్చిన మందులన్నీ చూపించమన్నాడు. అందులో ఒక మాత్ర దొరికింది. నేనే బుద్ధి తక్కువై ఎక్కడో షాపులో కొన్నది. నీకు తెలియదులే. ఆ మాత్ర గుండెదడను తగ్గిస్తుంది గానీ ఊపిరి గొట్టాలను బిగిస్తుందట. ఇన్‌హేలరు "సావధాన్" అని అరుస్తుంది. ఈ మాత్ర పోయి ఆ జట్టు చెవులు మూసేస్తుంది. అరుపు వినబడక గొట్టాలు తెరుచుకోవు. నేనేమో ఇంకా గట్టిగా అరిపించాను, అంటే ఇంకా పీల్చాను. లేచినప్పుడు గుండె ఉరకాలి కదా, అదీ ఉరకలేదు. అందుకే పడిపోవడం.

ఉషారాణి అనుమానం తప్పు కాదన్నాడు. ఆస్తమాకూ ఆ నరాలకూ లంకె ఉన్న మాట నిజమేనట, అది ఎంతవరకో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదట. "కానీ నీ నరాలు వాటంతట అవి వరస తప్పలేదు. ఎవరో తప్పించినారు" అన్నాడు. మాత్రను ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించారు. రోజూ వాడాల్సిన వేరే ఇన్‌హేలరు ఇచ్చారు. పోయిన వారం బల్లకు కట్టి నిలబెడితే బుద్ధిగా నిలబడ్డాను. ఇంకో నెల ఇట్లాగే ఉంటే ఎప్పటి పేతురునే అవుతానన్నారు.

దడ లేదు గనక నీ మాత్రలు కూడా మానేశాను. ఊరికే మానేశాను, వాటిలో ఏ తప్పూ లేదు. ఇక పంపవద్దు.

పేతురు


మదనపల్లె,
18-11-2024

పేతురూ,

ఈ రోజు చమత్కారాలు రావడం లేదు. ప్రయత్నించాను.

దడ తగ్గించి ఊపిరి బిగించే మాత్ర ఏదో నాకు తెలియదనుకున్నావా? ఆస్తమా ఉన్నవాళ్లకు దాన్ని ఇవ్వకూడదని నర్సింగు మొదటి సంవత్సరం పిల్లలకు పాఠం చెప్పింది నేను. పరీక్షలో ఆ ప్రశ్న రాయనివాళ్లను తప్పించింది నేను. పోయిన అయిదు నెలల్లో, పిల్లికూతల గురించి నిన్ను అడిగిన రోజు కూడా, ఆ ప్రశ్న నాకు గుర్తు రాలేదు. ఎందుకంటే నీకు పిల్లికూతలు లేవని నలభై అయిదేళ్లుగా మైకులో చెబుతున్నాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మాను.

ఉత్తరం చదివి నేరుగా పుంగనూరు బస్సెక్కాను. విన్సెంటు పాలు కొలుస్తున్నాడు. "వేలూరులో ఏం జరిగిందిరా?" అంటే, "ఏమీ లేదక్కా" అన్నాడు. చెంబు లాక్కున్నాను. అప్పుడు చెప్పాడు. డాక్టరు నా పొట్లం విప్పి, కాగితం మీద ఉన్నది పైకి చదివాడటగా. "పాఠం పద్నాలుగు. అబద్ధమాడకూడదు." చదివి, "సండే స్కూలు పాఠంలో మాత్రలు కట్టే మెడికల్ షాపు యాడుండాదప్పా?" అని అడిగాడట. నువ్వు కళ్లార్పకుండా, "పేరు గుర్తు లేదు సార్, నేనే కొన్నాను" అన్నావట. పాఠం పద్నాలుగు ఎదురుగా పెట్టుకుని! నీకు నేను ఏం నేర్పినట్టు?

పేరు రాస్తే జనం డాక్టర్లయిపోతారని నేను పేరు రాయలేదు. ఆ పొట్లం మీద నాలుగక్షరాలు రాసి, ఆమెకు చూపించమని చెప్పి ఉంటే ఉషారాణి ఒక్క చూపులో కనిపెట్టేది. ఆ పిల్లను నేను ఎన్ని మాటలన్నాను! ఆమెకు వేరే ఉత్తరం రాస్తున్నాను, వెటకారం లేకుండా.

నిన్ను చంపబోయాను తమ్ముడా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

ఆస్పత్రి ఫైల్లో "రోగి సొంతంగా కొన్న మాత్ర" అని ఉందట. దాన్ని దిద్దించు. "అక్క ఇచ్చినది. అక్క నర్సు" అని రాయించు. ఇది ఆజ్ఞ.

సువర్ణ


కుప్పం,
21-11-2024

అక్కకు,

ఫైలు దిద్దించను. దాచింది నేను. నువ్వు రెండుసార్లు అడిగావు, ఒకసారి మందుల గురించి, ఒకసారి పిల్లికూతల గురించి. రెండుసార్లూ నేను అబద్ధమే రాశాను. ఫైల్లో నీ పేరు రాయిస్తే నా పేరు కూడా రాయించాలి. అంత చోటు లేదు.

నీ చెవుల సంగతి కూడా చెప్పేస్తాను. నీకు చెవుడు ఎప్పుడూ లేదు. అదే నా బాధ. నేను హలో అంటే చాలు, ఆ హలో వెనక ఈల నీకు వినబడుతుందని భయం. అందుకే ఉత్తరాలు. కాగితం మీద ఊపిరి వినబడదు కదా.

చిన్నప్పుడు నాకు ఎగశ్వాస వచ్చినప్పుడల్లా నువ్వు నా వీపుకు చెవి ఆనించి, "ఈ పొద్దు మూడు పిల్లులు ఉండాయి రా" అని లెక్క చెప్పేదానివి. మరుసటి రోజు "రెండే" అనేదానివి. నిజంగా లెక్కపెడుతున్నావో, నన్ను నవ్వించడానికి అంటున్నావో తెలియదు. రెండే అన్నప్పుడు మాత్రం నాకు ఊపిరి సులువయ్యేది. అట్లాంటి అక్కతో, పిల్లులు మళ్లీ వచ్చాయక్కా అని ఎట్లా చెప్పేది?

నిన్న విజిల్ సగం గ్రౌండు దాకా వినబడింది. బాలాజీ మొహం కాస్త వాడింది.

పేతురు


మదనపల్లె,
25-11-2024

తమ్ముడు పేతురుకు,

నిన్న కోతపండుగ అయింది. గుమ్మడికాయలూ, అరటి గెలలూ, ఎవరో ఇచ్చిన రెండు నాటు కోళ్లూ వేలం వేశారు. కోళ్లలో ఒకటి ప్రసంగం మధ్యలో లేచిపోయింది, దాని వెనక సగం యవ్వనస్థుల సంఘం లేచిపోయింది.

నన్ను సాక్ష్యానికి పిలిచారు. జనం అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నారు, నా సాక్ష్యం వాళ్లకు కంఠతా వచ్చు. "నా తమ్ముడి పిల్లికూతలు పోలేదు" అన్నాను. చెప్పులు వెతికేవాళ్లు ఆగిపోయారు. "మళ్లీ వచ్చినాయి. వాడు మూడేళ్లు నాకు సెప్పలేదు. సెబితే నా సాక్ష్యం పోతాదని దాచినాడు. ముప్పై ఆరేళ్లు నర్సుగా చేసిన నేను, ఇయ్యకూడని మాత్ర ఇచ్చి వాడి ఊపిరి తీయబోయినాను. వాణ్ణి కాపాడింది దేవుడూ, వాడి కూతురూ, వేలూరు డాక్టరూ. ఆ వరసలో నేను యాడా లేను" అని చెప్పి కూర్చున్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. నలభై అయిదేళ్లలో ఇదే మొదటిసారి.

బయటికొచ్చాక ఒక్కొక్కరే వచ్చి నా చేతిలో పొట్లాలు పెట్టారు, పోయిన ఏడు నేనిచ్చినవి. "ఇవి ఏందో కాస్త సూడు సువర్ణమ్మా" అని. ఒకటి దేనికిచ్చానో నాకే తెలియలేదు. బిస్కెట్ డబ్బా, పొట్లాలు అన్నీ మా ఆసుపత్రి ఫార్మసీలో అప్పజెప్పి, పారబోస్తామని వాళ్ల దగ్గర మాట తీసుకున్నాను. మునిరత్నమ్మకు కోపం వచ్చింది. "అయితే నా మోకాళ్ల నొప్పులకు ఇంక ఎవరిస్తారు?" అంది. డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. నేను పోట్లాడినట్టు చూసింది.

ఖాళీ డబ్బాలో ఇప్పుడు బిస్కెట్లు పోశాను. ఆ డబ్బాలో బిస్కెట్లు ఉండటం ఇదే మొదలు, ఎవరూ తినే ధైర్యం చేయడం లేదు.

ఫైలు దిద్దించనన్నావు, సరే. ఉషారాణికి నేను రాసిన ఉత్తరంలో అంతా ఉంది. ఆ పిల్ల దాన్ని ఫైల్లో పెట్టకుండా ఉండదు, మంచి డాక్టరు.

ఇక ఉత్తరాలు చాలు. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక, పన్నెండున్నరకు ఫోన్ చేస్తాను. తియ్యి. హలో అనవద్దు. క్షమించమని నేనూ అడగను, పరవాలేదని నువ్వూ అనవద్దు. ఫోను ఎద మీద పెట్టుకుని కూర్చో. డ్రిల్లు మాస్టారి మర్యాద సంగతి తర్వాత చూద్దాం.

ఊపిరి తియ్యి, వదులు. ఎన్ని పిల్లులున్నాయో నేనే లెక్కపెడతాను. ఈసారి ఉన్నవి ఉన్నట్టే చెబుతాను.

నీ అక్క
సువర్ణ